అటక మీది వీడియో క్యాసెట్లు, ఫిల్ము రీళ్లు: శ్రోతల ప్రశ్నలు, సమాధానాలు

(విజయనగరం నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి లిఖిత రూపం)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఇళ్లలో మిగిలిపోయిన పాత వీడియో క్యాసెట్లను, ఫిల్ము రీళ్లను ఎలా కాపాడుకోవాలో ఈ రోజు తెలుసుకుందాం. మొదటి ఫోన్ గజపతినగరం నుంచి వచ్చింది. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. మా నాన్నగారు తప్పెటగుళ్ల దళానికి గురువు. 1990లలో ఆ దళం ఆడిన ప్రదర్శనలను వీహెచ్‌ఎస్ క్యాసెట్ల మీద తీయించారు. నాన్నగారు ఇప్పుడు లేరు. తెలిసినవారి ఇంట్లో పాత వీసీఆర్ ఉందంటే, ఈ ఆదివారం అందరం కూర్చుని చూద్దామనుకుంటున్నాము.

నిపుణులు: అమ్మా, దయచేసి ఈ ఆదివారం వేయకండి. ముందుగా క్యాసెట్టును వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, కిటికీ లాంటి పారదర్శక భాగంలోంచి టేపు చుట్ట అంచును పరిశీలించండి. అంచు నల్లగా, నున్నగా ఉండాలి. అక్కడ తెల్లని పొడి గానీ, సన్నని నూగు గానీ కనిపిస్తుందా?

శ్రోత: రెండింటిలో తెల్లగా పొడి పట్టినట్టు ఉందండి.

నిపుణులు: అది బూజు. మన తీర ప్రాంతపు గాలిలోని తేమకు అది పట్టడం సహజం. అలాంటి క్యాసెట్టును వేస్తే బూజు వీసీఆర్ లోపల టేపును చదివే హెడ్‌కు అంటుకుని, తరువాత వేసే మంచి క్యాసెట్లకు కూడా పాకుతుంది. పైగా తేమకు టేపు పొరలు అతుక్కుని ఉంటే, యంత్రం లాగిన చోట తెగిపోతుంది. ఆ రెండింటినీ మిగిలిన వాటి నుంచి వేరు చేసి, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు మూత బిగువుగా ఉండే డబ్బాలో కొన్ని వారాల పాటు ఉంచండి. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టడం ఎంతమాత్రం పనికిరాదు. తేమ తగ్గాక బూజు పొడిబారి సులభంగా రాలుతుంది. అప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని, ఇంటి బయట, మెత్తని కుంచెతో క్యాసెట్టు పైభాగాన్ని తుడవాలి. లోపలి టేపును శుభ్రం చేయడం మాత్రం చేయి తిరిగిన పనివారికే అప్పగించండి. వారు క్యాసెట్టు అడుగున ఉన్న అయిదు మరలు విప్పి, టేపు చుట్టలను మరో శుభ్రమైన క్యాసెట్టు డబ్బాలోకి మార్చగలరు.

శ్రోత: మిగిలినవి బాగానే ఉన్నాయండి. వాటినైనా వేయవచ్చా?

నిపుణులు: వేయవచ్చు గానీ, చూడటానికని ఒకసారి, కాపీ చేయడానికని మరోసారి వేయవద్దు. మొదటిసారి వేసినప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కేలా ఏర్పాటు చేసుకోండి, ఎందుకంటే పాత టేపు రెండోసారి కూడా అంతే బాగా ఆడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. వీసీఆర్ల తయారీని చివరి వరకు కొనసాగించిన జపాన్ సంస్థ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. కనుక పనిచేసే యంత్రం దొరకడమే మీ అదృష్టం, దానిని జాగ్రత్తగా వాడాలి. ముందు అందులో అక్కరలేని క్యాసెట్టు ఒకటి వేసి, టేపును నలపడం లేదని నిర్ధారించుకోండి. మీ క్యాసెట్ల వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేస్తే పొరపాటున కూడా వాటి మీద రికార్డింగ్ జరగదు. మూడు గంటల క్యాసెట్టు ఎక్కడానికి మూడు గంటలూ పడుతుంది, త్వరగా చేసే దారి లేదు. ఆ సమయంలో నాన్నగారితో ఆడిన పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరు ఎవరో, ఏ ఊరి ప్రదర్శనో రాసుకోండి. బొమ్మ మిగిలి పేర్లు పోతే సగం పోయినట్టే.

వ్యాఖ్యాత: టెక్కలి నుంచి మరొకరు ఎదురుచూస్తున్నారు. చెప్పండి.

శ్రోత: మా తాతగారు టూరింగ్ టాకీస్ నడిపేవారండి. కొన్ని 35 ఎంఎం రీళ్లు, ఇంట్లో తీసిన సూపర్ 8 రీళ్లు రెండు ఉన్నాయి. సూపర్ 8 డబ్బా తెరిస్తే వెనిగర్ వాసన ఘాటుగా వస్తోంది.

నిపుణులు: అది ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము క్షీణిస్తున్న గుర్తు. వెలువడే ఆమ్లమే ఆ క్షీణతను ఇంకా వేగవంతం చేస్తుంది కనుక, వాటిని వేరే గదిలో, చల్లగా, గాలి ఆడేలా ఉంచండి. ప్రొజెక్టర్ మీద మాత్రం ఆడించకండి, ఎందుకంటే ఫిల్ము కుంచించుకుపోయి, అంచు రంధ్రాలు పళ్లకు సరిపడక చిరిగిపోతుంది. త్వరగా స్కానింగ్‌కు పంపండి. ఇక 35 ఎంఎం రీళ్ల సంగతి ఇంతకంటే ముఖ్యం. ఫిల్ము అంచున ఇంగ్లీషు అక్షరాలలో 'సేఫ్టీ' అని ఉందా, 'నైట్రేట్' అని ఉందా చూడండి. 1950ల ఆరంభం దాకా నైట్రేట్ ఫిల్ము వాడుకలో ఉండేది. దానికి నిప్పు అంటుకుంటే నీళ్లు పోసినా మంట ఆరదు. 2003లో పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు చెందిన నైట్రేట్ రీళ్లు అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. నైట్రేట్ అని ఉన్నా, ఏమీ రాసి లేకపోయినా, మన ఎండలకు వాటిని ఇంట్లో ఉంచకండి, కొరియర్‌లో పంపకండి. నిప్పుకు దూరంగా, మనుషులు ఉండని నీడచోటికి మార్చి, ఆ పుణె సంస్థకే రాసి సలహా అడగండి.

వ్యాఖ్యాత: రాజాం నుంచి పెళ్లి వీడియోలు తీసే సోదరులు అడుగుతున్నారు: ఎక్కించిన ఫైళ్లను ఏ రూపంలో, ఎక్కడ దాచాలి?

నిపుణులు: మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో తీసిన టేపులను 720×576 పరిమాణంలో, సెకనుకు 25 ఫ్రేములతో ఎక్కించుకోవడం మంచిది. డీవీ అనే డిజిటల్ వీడియో రూపంలో గంటకు సుమారు 13 జీబీ అవుతుంది. దానిని అసలు ప్రతిగా అలాగే ఉంచి, ఫోన్లలో చూడటానికి వేరుగా చిన్న ఎంపీ4 చేసుకోండి. అసలు ప్రతి మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి తప్పనిసరిగా వేరే ఊళ్లో ఉండాలి. 2014లో హుద్‌హుద్ తుఫానునూ, 2018లో తిత్లీ తుఫానునూ చూసినవాళ్లం కనుక, ఒకే ఇంట్లో మూడు హార్డ్ డిస్కులు పెట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదని మనకు వేరే చెప్పనక్కరలేదు.

వ్యాఖ్యాత: బొబ్బిలి శ్రోత చివరి ప్రశ్న. 2006లోనే క్యాసెట్లన్నిటినీ డీవీడీలుగా మార్పించారట, ఇక క్యాసెట్లు పారేయవచ్చా అని అడుగుతున్నారు.

నిపుణులు: పారేయవద్దండి. డీవీడీలో వీడియోను బాగా కుదించి ఎక్కిస్తారు. ఇంట్లో రాసిన డిస్కుల మీది రంగుపొర కూడా కాలంతో పాడవుతుంది. ముందు ఆ డిస్కులు ఈ రోజు తెరుచుకుంటున్నాయో లేదో చూసి, తెరుచుకున్నవాటిని వెంటనే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. క్యాసెట్లను చివరి వరకు తిప్పి, పుస్తకాల్లాగా నిలువుగా పేర్చి, స్పీకర్లకు, మోటార్లకు దూరంగా ఉన్న పొడి అరలో ఉంచండి. తెరుచుకోని డిస్కు ఏదైనా ఉంటే, దాని క్యాసెట్టునే మొదట కంప్యూటర్‌లోకి ఎక్కించండి.