ముందు టైరు సంగతి

అందరికీ నమస్కారం. వానలు మొదలవబోతున్నాయి కదా, బైకు టైర్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను ఇంజనీరుని కాను. గాజువాకలో పదిహేనేళ్లుగా బండ్లు రిపేరు చేస్తున్నాను, సెలవు దొరికితే అరకు ఘాట్ ఎక్కుతాను. నాకు తెలిసినదాంట్లో సగం షెడ్డులో తెలిసింది, మిగతా సగం రోడ్డు మీద పడి తెలిసింది.

ఆ పడిన సంగతే ముందు చెబుతాను. అక్టోబరులో ఒక సాయంత్రం, సన్నటి జల్లు. ముప్పై స్పీడు కూడా లేదు. సిగ్నల్ దగ్గర జీబ్రా గీతల మీద ముందు బ్రేకు మెల్లగానే నొక్కాను. కాళ్ల కింద చాప ఎవరో లాగేసినట్టు ముందు చక్రం పక్కకి వెళ్లిపోయింది. మోచెయ్యి దోక్కుపోయింది, లెగ్ గార్డు వంగింది. లేచి టైరు చూసుకుంటే గాడులన్నీ నిండుగా ఉన్నాయి! వెనక టైరు అప్పటికి రెండుసార్లు మార్చాను. ముందుది మాత్రం బండితో పాటు షోరూమ్ నుంచి వచ్చినదే, ఏడేళ్లది. గోరు గుచ్చితే దిగలేదు, ప్లాస్టిక్ కుర్చీని గుచ్చినట్టే ఉంది. రోజూ పదిమంది టైర్లు చూసేవాణ్ణి, నా టైరు నేను చూసుకోలేదు.

షెడ్డుకు వచ్చేవాళ్లు కూడా ఇంతే. "అన్నా, వెనకది గుండైపోయింది, మార్చెయ్." ముందుది సంగతేంటంటే, "అది కొత్తగానే ఉంది కదన్నా" అంటారు. బ్రేకు వేస్తే బండి బరువంతా ముందుకు వాలుతుంది. ఆపే పని ఎక్కువగా ముందు టైరుదే. పైగా వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకునే టైమ్ ఉండదు.

రబ్బరు రోడ్డును ఎలా పట్టుకుంటుంది? తారు రోడ్డు మీద చిన్నచిన్న రాళ్ల మొనలు ఉంటాయి. మెత్తటి రబ్బరు వాటి మధ్యకు దిగి పట్టుకుంటుంది. వాన పడితే ఆ సందుల్లో నీళ్లు చేరతాయి, రోడ్డూ టైరూ రెండూ చల్లబడతాయి. చలికి నెయ్యి పేరుకున్నట్టు రబ్బరు కూడా చల్లబడితే బిగుసుకుంటుంది. ముసలి రబ్బరైతే మరీ. అందుకే తడిలో పట్టు కావాలంటే చల్లగా ఉన్నా మెత్తగా ఉండే రబ్బరు కావాలి. దానికోసం రబ్బరులో నల్లటి కార్బన్‌కు బదులు కొంత సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం, కలుపుతారు. మిషెలిన్ కంపెనీ 1992లో ఈ పద్ధతిలో కారు టైర్లు తెచ్చింది. తర్వాత బైకు టైర్లకూ వచ్చింది. ఏ టైరు కొన్నా, కొనేముందు దాని కంపెనీ వెబ్‌సైట్‌లో సిలికా మాట ఉందో లేదో ఒకసారి చూడండి. షాపులో అడిగితే ప్రతి టైరూ మంచిదే అంటారు, పాపం వాళ్ల వ్యాపారం వాళ్లది.

"ఏ కంపెనీ మంచిది?" అని నన్ను రోజూ అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఒకే కంపెనీ ఎక్కువ కిలోమీటర్లు నడిచే గట్టి టైరూ చేస్తుంది, గ్రిప్ కోసం మెత్తటి టైరూ చేస్తుంది. మెత్తటిది తొందరగా అరుగుతుంది. రెండూ ఒక్క టైరులో పూర్తిగా దొరకవు. యూరప్‌లో కారు టైరు మీద తడి గ్రిప్‌కు A నుంచి E దాకా గ్రేడు ఉంటుంది. బైకు టైర్లకు అక్కడ కూడా ఆ లేబుల్ లేదు. మనమే వెతుక్కోవాలి.

ఇక గాడులు. అందరూ వీటి డిజైన్ చూసే టైరు కొంటారు. నిలిచిన నీళ్లను పక్కకు తోయడమే వాటి పని. రబ్బరు గట్టిగా ఉంటే ఎంత అందమైన గాడులైనా పెయింటు గీత మీద, మ్యాన్‌హోల్ మూత మీద, లారీలు డీజిల్ కార్చుకుంటూ పోయే మన పోర్టు రోడ్డు మీద కాపాడవు. మొదటి వాన మరీ ప్రమాదం, ఎండాకాలమంతా పేరుకున్న దుమ్మూ ఆయిలూ ఒక్కసారిగా తడుస్తాయి. పెద్దపెద్ద బటన్ల టైర్లు స్టైల్ కోసం వేసుకునే కుర్రాళ్లకు ఒక మాట: అవి మట్టికి మంచివి, తడి తారు మీద తక్కువ రబ్బరే రోడ్డుకు తగులుతుంది. కంపెనీ చెప్పిన సైజు కంటే వెడల్పు టైరు వద్దు. ఇరుకు రిమ్ములో అది నొక్కుకుపోయి దాని ఆకారమే మారిపోతుంది.

వానలో గ్రిప్ కోసం గాలి తగ్గించాలని ఒక నమ్మకం ఉంది. తగ్గించకండి. 1963లో నాసాలో వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ విమానం టైర్ల మీద ప్రయోగాలు చేసి ఒక లెక్క చెప్పారు. టైరు గాలి పీఎస్‌ఐలో (గాలి కొట్టేటప్పుడు మీటరు చూపే అంకె) ఎంతో దాని వర్గమూలాన్ని 9తో గుణిస్తే, నిలిచిన నీళ్లపై టైరు తేలిపోయే వేగం నాట్లలో (విమానాల వేగాన్ని కొలిచే లెక్క) వస్తుంది. 25 పీఎస్‌ఐకి 45 నాట్లు, అంటే గంటకు 83 కిలోమీటర్లు. 16కి తగ్గిస్తే 67కే తేలుతుంది. బైకు టైరు గుండ్రంగా ఉండి నీటిని కోసుకుంటూ పోతుంది కాబట్టి ఈ అంకెలు మనకు అచ్చంగా సరిపోవు. కానీ గాలి తగ్గితే తేలే వేగమూ తగ్గుతుందన్నది మాత్రం మనకూ వర్తిస్తుంది.

"నా బండికి ఏబీఎస్ ఉందన్నా" అంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ అది తప్పనిసరి, మంచిదే. అది చక్రం లాక్ కాకుండా చూస్తుంది, టైరులో లేని గ్రిప్‌ను ఎక్కణ్ణుంచీ తేలేదు.

కొనేటప్పుడు టైరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైంది. షాపులో ఏళ్లతరబడి పడున్న టైరు వద్దనండి. తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటే సరిగ్గా బిగించారో లేదో దగ్గరుండి చూసుకోండి. కొత్త టైరు మొదటి నూటయాభై కిలోమీటర్లు నున్నగా ఉంటుంది, అప్పటిదాకా వంపుల్లో నెమ్మది.

మీ బండ్లన్నీ బయటే ఉన్నాయి కదా. నా దగ్గర టార్చ్ ఉంది, రండి, ముందు టైర్ల మీద ఆ నాలుగు అంకెలు చదువుదాం. ముందు నా బండిది చూడండి.