ఓటు వేయని ఇంటికి ఎవరూ రారు

(2024 జూన్ 16, ఆదివారం, ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మే 22న బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ గారు డౌనింగ్ స్ట్రీట్‌లో వానలో తడుస్తూ నిలబడి, జులై 4న ఎన్నికలని ప్రకటించారు. అప్పటి నుంచి ఎవర్ని కదిపినా ఒకటే మాట. మనవాళ్లు "ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి" అంటున్నారు. ఇంగ్లీషువాళ్లూ వాళ్ల భాషలో అదే అంటున్నారు. ఈ వారమే బ్రిటిష్ సోషల్ ఆటిట్యూడ్స్ సర్వే వచ్చింది. ఏ పార్టీ ప్రభుత్వమైనా సొంత పార్టీ కంటే దేశాన్ని ముందు చూసుకుంటుందని దాదాపు ఎప్పుడూ నమ్మలేం అని 45 శాతం మంది చెప్పారు. ఆ ప్రశ్న ఇన్నేళ్లుగా అడుగుతున్నారు, ఇంత ఎక్కువ ఎప్పుడూ రాలేదు.

ఇలా అన్నవాళ్లని నేను తప్పుపట్టను. 2009లో ఎంపీల ఖర్చుల బిల్లులు బయటపడ్డప్పుడు దేశమంతా నోరెళ్లబెట్టింది. చెరువులో బాతులకి ఇల్లు కట్టించుకుని 1,645 పౌండ్లకి బిల్లు పెట్టిన ఎంపీ ఉన్నాడు. కొందరు జైలుకీ వెళ్లారు. ఆ తర్వాత కోవిడ్. మనలో ఎంతమంది ఊళ్లో అమ్మానాన్నల అంత్యక్రియలు వాట్సాప్ వీడియోలో చూశామో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లోనే, ప్రిన్స్ ఫిలిప్ అంత్యక్రియలకి ముందు రోజు రాత్రి, డౌనింగ్ స్ట్రీట్ సిబ్బంది పార్టీలు చేసుకున్నారు. మర్నాడు రాణి చర్చిలో ఒక్కతే కూర్చుంది. ఆ పార్టీల వ్యవహారం మొత్తం మీద పోలీసులు 126 జరిమానాలు వేశారు, ప్రధాని బోరిస్ జాన్సన్‌కి, అప్పటి ఆర్థికమంత్రి సునాక్‌కి కూడా. తర్వాత లిజ్ ట్రస్. 2022 సెప్టెంబర్ 23న మినీ బడ్జెట్ పెట్టి, ప్రధాని అయిన 49 రోజులకే దిగిపోయారు. ఆవిడ వెళ్లిపోయినా మార్ట్‌గేజ్‌లు, అంటే ఇంటి అప్పుల వడ్డీలు, మన నెత్తిన మిగిలాయి. రెండేళ్ల ఫిక్స్‌డ్ రేటు సగటున 6 శాతం దాటింది. ఆ నెలల్లో డీల్ అయిపోయి రీమార్ట్‌గేజ్ చేయాల్సి వచ్చినవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. ఆ టెన్షన్ వాళ్లనడిగితే చెబుతారు.

వీటన్నిటికంటే నా మనసుని కోసేది పోస్టాఫీసుల కేసు. హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్ లెక్కలు తప్పు చూపిస్తే, చిన్న చిన్న పోస్టాఫీసులు నడుపుకునే 900 మందికి పైగా మనుషుల్ని దొంగలని తేల్చారు. అందులో మన భారతీయులూ చాలామందే. ఇళ్లమ్ముకున్నారు, జైలుకెళ్లారు, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల తరఫున కొద్దిమంది ఎంపీలు ఏళ్ల తరబడి పోరాడారు. కానీ రెండు పెద్ద పార్టీల ప్రభుత్వాలూ చూస్తూ కూర్చున్నాయి. ఈ జనవరిలో టీవీలో సీరియల్ వచ్చి దేశం ఏడిస్తే గానీ చట్టం కదల్లేదు. గత నెలలోనే ఆ శిక్షల్లో చాలావాటిని కొట్టేశారు.

మన సంగతికొద్దాం. ఫిబ్రవరి 6 నుంచి ఇమిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్, అంటే వీసాతో పాటు వైద్యం కోసం కట్టే రుసుము, పెద్దవాళ్లకి ఏడాదికి 624 నుంచి 1,035 పౌండ్లయింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు మూడేళ్ల వీసా తీసుకుంటే ఇదొక్కటే 10,866 పౌండ్లు, అదీ ముందే కట్టాలి. జీతంలోంచి టాక్స్, నేషనల్ ఇన్సూరెన్స్ పోగా ఇది. మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. ఇక్కడి ముసలివాళ్లకి తినిపించి, స్నానం చేయించి, పక్కలు మార్చే అమ్మాయి తన బిడ్డని మాత్రం ఖమ్మంలోనో కడపలోనో వదిలి రావాలి. ఏప్రిల్ 4 నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి ఉండాల్సిన కనీస జీతం 26,200 నుంచి 38,700 పౌండ్లకి పెరిగింది. పోనీ అవతలివాళ్లు దీన్ని మారుస్తారా? మొన్న గురువారం వచ్చిన లేబర్ మేనిఫెస్టో కూడా వలసలు తగ్గిస్తామనే చెప్పింది. కాబట్టి "అందరూ దొందూ దొందే" అని మీరంటే ఊరికే అనడం లేదు.

అందుకని ఓటు మానేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను.

పోలింగ్ కేంద్రంలో ఏం జరుగుతుందో చెబుతాను, నేను పోల్ క్లర్క్‌గా కూర్చున్నదాన్ని. బడిలోనో చర్చిలోనో ఒక బల్ల ఉంటుంది. వీధుల వారీగా, ఇంటి నంబర్ల వారీగా అచ్చేసిన ఓటర్ల జాబితా మా ముందుంటుంది. మీ పేరు, అడ్రస్ అడుగుతాం, ఐడీ చూస్తాం. జాబితాలో మీ పేరు దొరకగానే స్కేలు పెట్టి దాని మీద గీత గీస్తాం. బ్యాలట్ పేపర్ ఇస్తాం. వేలికి సిరా పూయరు. అంతే. రాత్రి 10కి తలుపులు మూశాక ఆ జాబితా చూస్తే పెన్షనర్లుండే వీధుల్లో గీత మీద గీత. అద్దె ఇళ్ల వీధుల్లో పేజీలకి పేజీలు తెల్లగా ఉంటాయి. ఆ తెల్ల పేజీల్లో మన ఇంటిపేర్లు కనపడినప్పుడు నా మనసు చివుక్కుమంది.

ఆ జాబితా అక్కడితో అటక ఎక్కదు. ఎన్నికలయ్యాక పార్టీలు ఫీజు కట్టి దాని కాపీ తీసుకోవచ్చు, చట్టమే ఆ వీలిచ్చింది. మీరు ఎవరికి వేశారో అందులో ఉండదు. వేశారా లేదా అన్నది ఉంటుంది. పార్టీలు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుంటాయి. వచ్చే ఎన్నికల్లో ఏ తలుపు కొట్టాలి, ఏది వదిలేయాలి అని వాలంటీర్లకి చెప్పేది ఆ వివరాలే. మీరు కోపంతో ఇంట్లో కూర్చున్నారని అందులో ఎక్కడా రాసుండదు. వీళ్లు రారు అని మాత్రమే అర్థం చేసుకుంటారు.

2010లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం ఏం చేసిందో గుర్తు తెచ్చుకోండి. ఫీజులు పెంచితే వ్యతిరేకంగా ఓటేస్తామని సంతకాలు పెట్టిన లిబరల్ డెమోక్రాట్లు ఆ ప్రభుత్వంలో భాగస్వాములు. అయినా ఆ డిసెంబర్‌లోనే యూనివర్సిటీ ఫీజు గరిష్ఠంగా 9,000 పౌండ్లకి, అంటే దాదాపు మూడింతలకి పెంచారు. అదే ప్రభుత్వం పెన్షన్‌కి మాత్రం ట్రిపుల్ లాక్ వేసింది. జీతాల పెరుగుదల, ధరల పెరుగుదల, 2.5 శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే అంత పెంచాలి. నిరుడు 10.1, ఈ ఏడు 8.5 శాతం పెరిగింది. పెద్దవాళ్లకి పెన్షన్ పెరగడం మంచిదే, నాకేం బాధ లేదు. కానీ వాళ్లు వానొచ్చినా, చేతికర్ర పట్టుకునైనా వచ్చి ఓటేస్తారు. పాతికేళ్లలోపు వాళ్లు వాళ్లంతగా రారు. ఇది మంత్రులందరికీ తెలుసు. ఇక మాట తప్పిన పార్టీకి ఏమైంది? 57 సీట్ల నుంచి 2015లో 8కి పడిపోయింది. ఇంట్లో కూర్చుని తిట్టినవాళ్ల వల్ల ఆ దెబ్బ తగల్లేదు.

"మా నియోజకవర్గంలో ఎప్పుడూ ఒకే పార్టీ గెలుస్తుంది, నా ఓటెందుకు" అని కొందరంటారు. ఇందులో నిజం ఉంది. ఈ పద్ధతిలో అన్యాయమూ ఉంది. 2015లో యూరప్ యూనియన్ నుంచి బయటికి రావాలన్న యూకిప్ పార్టీకి 38 లక్షల ఓట్లు పైగా వస్తే ఒక్కటే సీటు దక్కింది. స్కాట్లాండ్ పార్టీ ఎస్‌ఎన్‌పీకి 15 లక్షల్లోపు ఓట్లకే 56 సీట్లు. యూకిప్ నాకు నచ్చుతుందా లేదా అన్నది వేరే విషయం, అన్ని లక్షలమంది మాట సభకి చేరకపోతే కోపం ఇంకో రూపంలో బయటికొస్తుంది. అయితే 2017లో నార్త్ ఈస్ట్ ఫైఫ్‌లో 2 ఓట్ల తేడాతో ఎంపీ గెలిచాడు. ఒక ఇంట్లో భార్యాభర్తలు బద్ధకించారనుకోండి, అంతే.

ఎవరూ నచ్చకపోతే? ఇక్కడ మనకున్నట్టు నోటా లేదు. బ్యాలట్ మీద మీ కోపం రాసి పెట్టెలో వేయొచ్చు, మీ పేరు మాత్రం రాయకండి. లెక్కింపులో అలాంటి అనుమానం ఉన్న కాగితాలని రిటర్నింగ్ ఆఫీసర్ పక్కకి తీసి అభ్యర్థుల ఏజెంట్లకి చూపించి తేలుస్తారు. మీరు రాసింది వాళ్లు చదవక తప్పదు. మీ పేరు మీద గీత కూడా పడుతుంది.

పోయిన నెల 13న ఆంధ్రాలో పోలింగ్ 80 శాతం దాటింది. ఇక్కణ్ణుంచి కూడా సెలవు పెట్టుకుని, టికెట్ కొనుక్కుని వెళ్లి ఓటేసి వచ్చినవాళ్లున్నారు. వాళ్లకి నా దండం. మరి వీధి చివర ఉన్న బడిదాకా నడవడానికి ఏమడ్డం? చాలామందికి తమకి ఓటుందనే తెలియదు. ఇండియన్ పాస్‌పోర్టున్నా సరే, వీసా మీద ఇక్కడ ఉంటున్న 18 ఏళ్లు నిండిన కామన్వెల్త్ పౌరులకి ఈ ఎన్నికల్లో ఓటుంది. స్టూడెంట్లకీ ఉంది. మన పాస్‌పోర్టునే ఐడీగా తీసుకుంటారు.

ఎవరికి వేయమని నేను చెప్పను. తలుపు కొట్టిన ప్రతివాణ్నీ నిలబెట్టి అడగండి. కేర్ వర్కర్ల పిల్లల సంగతేంటి? సర్‌చార్జ్ తగ్గిస్తారా? జీపీ, అంటే మన ఫ్యామిలీ డాక్టర్, అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకి దొరుకుతుంది? జవాబు రాసుకోండి. గెలిచాక ఎంపీ తన నియోజకవర్గంలో జనాన్ని కలిసే రోజులు పెడతారు, దాన్నే సర్జరీ అంటారు. ఆ కాగితం పట్టుకుని అక్కడికి వెళ్లండి.

రిజిస్ట్రేషన్‌కి గడువు ఎల్లుండి, 18వ తేదీ మంగళవారం అర్ధరాత్రి వరకే. పోస్టల్ ఓటు కావాలంటే బుధవారం సాయంత్రం 5 లోపు అడగాలి. వెనక బల్ల మీద లాప్‌టాప్‌లు పెట్టాం. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గరుంటే ఐదు నిమిషాల పని. ముందు నైట్ డ్యూటీకి వెళ్లాల్సిన నర్సులకి దారివ్వండి, భోజనాలు తర్వాత చేద్దాం.