బంతికి 49 లక్షలు: క్రికెట్ ప్రసార హక్కుల బేరం

అందరికీ నమస్కారం. క్రీడా ప్రసార హక్కులు టీవీ చానళ్ళకు ఎందుకింత భారమవుతున్నాయో మాట్లాడమని జర్నలిజం విద్యార్థులు నన్ను పిలిచారు. క్రీడలు అన్నారు గానీ మన దేశంలో ఈ డబ్బు గొడవంతా క్రికెట్‌దే, అందులోనూ ఐపీఎల్‌ది. కాబట్టి దాన్నే పట్టుకుంటాను.

2022 జూన్‌లో బీసీసీఐ మూడు రోజుల పాటు ఈ-వేలం నడిపింది. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్లు, 410 మ్యాచ్‌లు. పాట 48,390 కోట్ల దగ్గర ఆగింది. అంటే మ్యాచ్‌కు 118 కోట్లు. రెండు ఇన్నింగ్స్‌లకు 240 బంతులు కదా, భాగించి చూడండి, బంతికి 49 లక్షలు. వైడ్లూ నోబాల్సూ ఉచితం అనుకోండి!

ఒకప్పుడు సీను దీనికి పూర్తిగా తలకిందులుగా ఉండేది. మ్యాచ్ చూపించడానికి దూరదర్శనే క్రికెట్ బోర్డును ఎదురు డబ్బు అడిగిన రోజులున్నాయి. 1993లో హీరో కప్ అనే క్రికెట్ టోర్నీ హక్కుల్ని బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకు అమ్మింది. దూరదర్శన్, కేంద్ర సమాచార ప్రసార శాఖ అడ్డం తిరిగాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. 1995 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పు భారత టెలివిజన్ చరిత్రనే మార్చేసింది. ఆ ధర్మాసనంలో ఉండి విడిగా తీర్పు రాసింది మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఏళ్ళ తరబడి పనిచేసి వెళ్ళిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి, వాటి మీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదని కోర్టు తేల్చింది. రెండో ముక్క అందరికీ గుర్తుంది, దాని మీదే ప్రైవేటు చానళ్ళు బతికాయి. మొదటి ముక్కను మాత్రం ఎవరూ పెద్దగా తలుచుకోరు.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు సోనీ, వరల్డ్ స్పోర్ట్ గ్రూప్ కలిసి పదేళ్ళకు నూరు కోట్ల డాలర్ల పైచిలుకుకు ఒప్పుకున్నాయి. అప్పటి మారకంలో ఏడాదికి దాదాపు 400 కోట్లు. మరుసటి ఏడాదే ఆ ఒప్పందం చించేసి రేటు పెంచి మళ్ళీ రాసుకున్నారు. 2017లో జరిగింది ఇంకా ఆసక్తికరం. భారత్‌లో టీవీ హక్కులకు సోనీ 11,050 కోట్లు పాడింది. డిజిటల్‌కు ఫేస్‌బుక్ 3,900 కోట్లు పాడింది. అన్ని ప్యాకేజీల్లో పెద్ద పాటలు కూడితే 15,819 కోట్లు. స్టార్ మాత్రం అన్నిటికీ కలిపి ఒకే కవరులో 16,347.50 కోట్లు వేసి మొత్తం ఎగరేసుకుపోయింది. బోర్డు అక్కడ పాఠం నేర్చుకుంది. 2022లో కలిపి పాడటం కుదరదని నియమం పెట్టి, టీవీని, డిజిటల్‌ని విడదీసి అమ్మింది. టీవీ డిస్నీ స్టార్‌కు 23,575 కోట్లకు, డిజిటల్ రిలయన్స్ వారి వయాకామ్18కు 20,500 కోట్లకు పోయాయి. మిగిలింది ప్రత్యేక మ్యాచ్‌లు, విదేశీ హక్కులు. ఆట అదే ఆట. టోకుగా అమ్మాలా, చిల్లరగా అమ్మాలా అని అమ్మేవాడు ఆలోచించిన తీరు మారింది, ఆదాయం ఐదేళ్ళలో మూడింతలైంది.

సరే, కొన్నవాడికి గిట్టుబాటవుతుందా? టీవీ లెక్క ఒక్కటే వేద్దాం. స్టార్ మ్యాచ్‌కు 57.5 కోట్లు కట్టాలి. ఓవరుకీ ఓవరుకీ మధ్య కాస్త, వికెట్ పడినప్పుడు కాస్త, రెండున్నర నిమిషాల స్ట్రాటజిక్ టైమౌట్లు నాలుగు, అన్నీ కలిపి ఒక మ్యాచ్‌లో 2,300 సెకన్ల యాడ్లు అమ్మారనుకుందాం. యాడ్లు పది సెకన్ల లెక్కన అమ్ముతారు కాబట్టి 230 స్లాట్లు. ఒక్కో స్లాటు 25 లక్షలకు పోతే తప్ప హక్కుల డబ్బు కూడా వెనక్కి రాదు. మామూలు లీగ్ మ్యాచ్‌లకు పత్రికల్లో వచ్చిన రేట్లు 20 లక్షల లోపే. కామెంటేటర్లు, స్టూడియోలు, ప్రచారం, ఆ ఖర్చులు వేరే. చందా డబ్బు కొంత ఆదుకుంటుంది, నిజమే. కానీ మన దగ్గర కేబుల్ బిల్లు నలభై రూపాయలు పెరిగితే కేబుల్ అబ్బాయితో గొడవ పెట్టుకుంటాం. చందా పెంచి గట్టెక్కే దేశం కాదిది.

మరి ఎందుకు పాడతారు? హైదరాబాద్ వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది. 2025లో 35 లక్షలకు పోయింది. ఆ ధరలో పిండి, చక్కెర, నెయ్యి ఖరీదు ఎంత? పక్కవాడికి దక్కకూడదన్న పట్టుదల ఎంత? ఐపీఎల్ పాట కూడా మ్యాచ్ తెచ్చే యాడ్ల డబ్బు చూసి సాగలేదు. డిస్నీకి అప్పట్లో తన యాప్ హాట్‌స్టార్‌కు చందాదారుల సంఖ్య కావాలి, అమెరికాలో షేర్ మార్కెట్‌కు చూపించుకోవాలి. రిలయన్స్‌కు జియో డేటా వాడకం కావాలి. ఎవరి అవసరం వాళ్ళది. ఆ అవసరాలకు క్రికెట్ ఓ పనిముట్టు. ధర నిలబడింది పోటీదారుడి భయం మీద. నా వాదన మొత్తం ఇంతే.

భయం ఎంత నిజమో వెంటనే తెలిసింది. స్టార్‌కు డిజిటల్ చేజారగానే 2023లో వయాకామ్18 వాళ్ళ యాప్ జియో సినిమా ఐపీఎల్‌ని అందరికీ ఉచితంగా, తెలుగుతో సహా పన్నెండు భాషల్లో చూపించింది. 2022 అక్టోబర్‌లో 6.13 కోట్లున్న హాట్‌స్టార్ చందాదారులు ఏడాది తిరిగేసరికి నాలుగు కోట్ల కిందికి పడిపోయారు. ఐసీసీ టోర్నీల హక్కులు కూడా స్టార్ భారీగా కొని, టీవీ వాటాను జీకి అప్పజెప్పి బరువు దించుకోవాలనుకుంది. 2024 జనవరికి జీ తప్పుకుంది, వ్యవహారం లండన్‌లో ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయటి మధ్యవర్తిత్వానికి చేరింది. అదే ఏడాది నవంబర్ 14న స్టార్, వయాకామ్18 కలిసిపోయాయి. 70 వేల కోట్ల విలువ కట్టిన విలీనం అది. వేలంలో ఒకరి మీద ఒకరు పాడిన ఇద్దరు, వేలం ముగిసిన రెండున్నరేళ్ళలో ఒకే కంపెనీ అయ్యారు!

ఇదేదో మన దగ్గరే జరిగిందనుకోకండి. ఫ్రాన్స్ ఫుట్‌బాల్ లీగ్‌కు మీడియాప్రో అనే కంపెనీ ఏడాదికి 80 కోట్ల యూరోలకు పైగా ఇస్తానని 2018లో ఒప్పుకుని, 2020లో వాయిదా కట్టలేక చేతులెత్తేసింది. వచ్చే డబ్బును నమ్ముకుని ఆటగాళ్ళను కొన్న క్లబ్బులు అప్పుల్లో పడ్డాయి. చివరికి 2025లో లీగే సొంత చానల్ పెట్టుకుంది.

ఈ ఆటలో తెలివైన కుర్చీ ఎక్కడుందో చూడాలంటే సన్ టీవీని చూడండి. మన జెమినీ టీవీ వాళ్ళదే. హైదరాబాద్‌లో ఒక పత్రికా సంస్థ నడిపిన డెక్కన్ చార్జర్స్ కూలిపోయాక, 2012లో ఏడాదికి 85.05 కోట్ల లెక్కన హైదరాబాద్ జట్టును సన్ తీసుకుంది. హక్కులు కొనే వైపు కాకుండా, ఆ హక్కుల డబ్బులో వాటా అందుకునే వైపు కూర్చుంది. టీవీ వ్యాపారం తెలిసినవాడు టీవీ హక్కులు కొనకుండా జట్టు కొన్నాడంటే, అది నాకు చాలా విషయాలు చెబుతుంది.

బిల్లు చివరికి ఎవరు కడుతున్నారో చూద్దాం. కొన్నేళ్ళు ఫాంటసీ గేమింగ్ కంపెనీలు, అంటే ఊహా జట్లు కట్టించి డబ్బు పెట్టి ఆడించేవాళ్ళు కట్టారు. ఆ యాడ్ల కింద చిన్న అక్షరాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళు ఆడకూడదని ఉండేది, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో డబ్బు పెట్టి ఆడే గేమింగ్ నిషేధం. ఆడటానికి వీల్లేదు గానీ ఆ యాడ్లు మాత్రం ఓవరు ఓవరుకీ చూశాం. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటా డబ్బాటలు నిషేధించాక ఆ ఊట ఎండిపోయింది. ఇక మిగిలింది మనం: ఉచితంగా అలవాటు చేసిన మ్యాచ్‌కు ఇప్పుడు ఆ విలీన కంపెనీ యాప్ జియోహాట్‌స్టార్ ప్లాను, లేదా ఫలానా రీచార్జ్. మనకంటే ముందు నష్టపోయింది మిగతా ఆటలు. ఏ చానల్ దగ్గరైనా బడ్జెట్ ఒక్కటే. అందులో క్రికెట్ తిన్నంత తిన్నాక ఫుట్‌బాల్‌కు, హాకీకి ఏం మిగులుతుంది? 2022లో ఐఎస్ఎల్ అనే మన ఫుట్‌బాల్ లీగ్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూడేళ్ళకే ఊరు వదిలి ఢిల్లీ వెళ్ళిపోయింది. అది హక్కుల వల్లేనని అనను, జట్టు నిర్వహణలో వేరే తప్పులున్నాయి. టీవీ డబ్బు దండిగా వచ్చే ఆటలో ఛాంపియన్ జట్టుకు ఈ గతి పట్టేది కాదని మాత్రం అంటాను.

ప్రసార తరంగాలు జనం ఆస్తి అని కోర్టు అన్న మాట చట్టంలో ఎక్కడుందని అడగొచ్చు. 2007 చట్టం ప్రకారం ముఖ్యమైన మ్యాచ్‌ల సిగ్నల్ దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతికి ఇవ్వాలి. ఐపీఎల్ ఆ జాబితాలో లేదు. 2017లో సుప్రీంకోర్టు, ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత మార్గాల్లోనే వెళ్ళాలని, కేబుల్ వాళ్ళకు ఇవ్వకూడదని చెప్పింది. అంటే దూరదర్శన్ వారి ఉచిత డీటీహెచ్ ఫ్రీ డిష్ ఉన్నవాళ్ళకు దక్కుతుంది, కేబుల్ చందాదారుడికి దక్కదు.

2027తో ఈ ఐపీఎల్ ఒప్పందం ముగుస్తుంది. ఈసారి పాడటానికి ఇద్దరు పెద్దవాళ్ళు లేరు, ఒక్కరే ఉన్నారు. గూగుల్, అమెజాన్ లాంటివాళ్ళు రాకపోతే రేటు పడొచ్చని నా అంచనా. అది పెద్ద విషాదమేమీ కాదు. బోర్డు దీన్ని భాషల వారీగా విడదీసి అమ్మితే బాగుంటుందని నా అభిప్రాయం. తెలుగు హక్కులు విడిగా పెడితే మన చానళ్ళు ఒకటో రెండో ధైర్యం చేసి పాడగలవు. దేశం మొత్తానికి వేల కోట్లు ఎలాగూ పెట్టలేవు. ఒక చిక్కుంది, యాడ్లిచ్చే పెద్ద కంపెనీలు దేశమంతటికీ ఒకేసారి కొనాలని చూస్తాయి కాబట్టి బోర్డు ఒప్పుకోకపోవచ్చు. అయినా అడగాలి. మీలో కొందరు అప్పటికి డెస్కుల్లో ఉంటారు. వేలం రోజు ఎన్ని వేల కోట్లో అందరూ రాస్తారు. మీరు టెండర్‌లో ప్యాకేజీలు ఎలా విడగొట్టారో చూడండి, ఎవరికి పాడే అవకాశం ఉంచారో, ఎవరిని గేటు బయటే ఆపారో అక్కడే తెలుస్తుంది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.