ఏ జంతువు ఎక్కడి నుంచి వచ్చింది? డీఎన్‌ఏ మీద ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఒక జంతువు డీఎన్‌ఏ చూసి దాని పూర్వీకులు ఎక్కడ బతికారో, ఎప్పుడు విడిపోయారో ఎలా చెబుతారు? ఆ పనిలో ఎక్కడెక్కడ పొరపాట్లు జరుగుతాయి? ఈ రోజు వాటి గురించి అడగొచ్చు. జనాభా జన్యుశాస్త్రంలో పనిచేస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. లైన్లన్నీ అప్పుడే నిండిపోయాయి. హలో, చెప్పండి.

శ్రోత 1: నమస్తే మేడమ్. నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నాను. మూడు కొండల మీది తొండల నుంచి రక్తం తీసి మైటోకాండ్రియాలో ఉండే సైటోక్రోమ్ బీ జన్యువు సీక్వెన్స్ చేయించాను, అంటే దాని అక్షరాల వరుస చదివించాను. ఒక కొండ మీది రెండు తొండలు మిగతా వాటన్నిటికీ 9 శాతం తేడాగా వస్తున్నాయి. కొత్త జాతి అనుకోవచ్చా?

నిపుణురాలు: ఆగమ్మా, ఆ మాట అప్పుడే అనొద్దు. ముందు నీ చేతిలో ఉన్నది నిజంగా మైటోకాండ్రియా డీఎన్‌ఏ అవునో కాదో తేల్చుకోవాలి. మైటోకాండ్రియా అంటే కణంలో శక్తిని తయారుచేసే భాగాలు, వాటికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది. ఆ డీఎన్‌ఏ ముక్కలు ఎప్పటెప్పటివో కణకేంద్రకంలోకి వెళ్లి, అక్కడి క్రోమోజోముల్లో అతుక్కుపోయి ఉంటాయి. వాటిని న్యూమ్ట్‌లు అంటారు. నీ ప్రైమర్లు, అంటే ఏ జన్యువును కాపీ చేయాలో గుర్తుపట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు, అసలు జన్యువును వదిలేసి ఆ పాత ప్రతిని పట్టుకుంటే, చూడ్డానికి చాలా దూరపు వంశంలా కనిపిస్తుంది. యంత్రం రంగు శిఖరాలుగా గీసిచ్చే క్రొమాటోగ్రామ్ ఫైళ్లు తెరిచి చూశావా, లేక అక్షరాల ఫైలు ఒక్కటే చూశావా?

శ్రోత 1: అక్షరాల ఫైలే చూశాను మేడమ్.

నిపుణురాలు: అయితే ఈ రోజే ఆ రెండు నమూనాల క్రొమాటోగ్రామ్‌లు తెరువు. మొదట్లో ఒక 40, 50 బేసులు, అంటే డీఎన్‌ఏ అక్షరాలు, ఎలాగూ గజిబిజిగా ఉంటాయి, వాటిని వదిలెయ్. ఆ తర్వాత శుభ్రంగా ఒక్కో శిఖరం రావాల్సిన చోట ఎరుపు శిఖరం కింద నీలం శిఖరం సగం ఎత్తులో కనిపిస్తోందా? అలాంటివి అక్కడక్కడా పది పదిహేను ఉంటే రెండు రకాల ప్రతులు కలిసి వచ్చాయని అర్థం. తర్వాత సీక్వెన్స్‌ను ప్రొటీన్‌గా అనువదించు. సాఫ్ట్‌వేర్‌లో సాధారణ కోడ్ కాకుండా వెన్నెముక జీవుల మైటోకాండ్రియా కోడ్ ఎంచుకోవాలి. టీజీఏ అనే మూడక్షరాలు సాధారణ కోడ్‌లో ఆగిపొమ్మనే సంకేతం, అంటే స్టాప్; మైటోకాండ్రియాలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. తప్పు కోడ్ పెడితే మంచి సీక్వెన్స్ కూడా చెడ్డదిలా కనిపిస్తుంది. సరైన కోడ్ పెట్టాక కూడా మధ్యలో స్టాప్ వచ్చినా, మూడుతో భాగించబడని సంఖ్యలో బేసులు తగ్గినా పెరిగినా, అది న్యూమ్ట్ అయ్యే అవకాశం ఎక్కువ.

శ్రోత 1: అవేవీ లేకపోతే నిజమైనదేనా?

నిపుణురాలు: ఖాయంగా చెప్పలేం. ఈ మధ్యే కేంద్రకంలోకి చేరిన ప్రతి ఇంకా పాడై ఉండదు, స్టాప్‌లు రావు. అందుకే రక్తం వాడావన్నది నాకు ముఖ్యంగా తోస్తోంది. పక్షుల్లో, సరీసృపాల్లో ఎర్ర రక్తకణాలకు కేంద్రకం ఉంటుంది. కేంద్రకపు డీఎన్‌ఏ దండిగా, మైటోకాండ్రియా తక్కువగా దొరుకుతుంది. అదే తొండల తోక చివరి కండరం ఉంటే దానితో మళ్లీ చెయ్. డీఎన్‌ఏ ముక్కను లక్షల ప్రతులుగా పెంచే పీసీఆర్‌లో చిన్న ముక్క కాకుండా కొన్ని వేల బేసుల పొడవున్న ముక్కను పెంచి, దాని లోపలి సైటోక్రోమ్ బీని చదివించు. న్యూమ్ట్‌లు ఎక్కువగా పొట్టివి కాబట్టి పొడవైన ముక్కలో చాలావరకు వడపోత జరుగుతుంది. ఎప్పుడూ జరుగుతుందని కాదు, పెంపుడు పిల్లిలో దాదాపు 7,900 బేసుల న్యూమ్ట్ ఉంది. డీఎన్‌ఏ తీసేటప్పుడు కణజాలం వేయని ఖాళీ ట్యూబు ఒకటి పక్కన నడిపించు. అందులోనూ బ్యాండ్, అంటే డీఎన్‌ఏ ఉందని చూపే గీత, వస్తే కలుషితమైందని తెలుస్తుంది.

యాంకర్: అన్నీ సరిగ్గా ఉండి 9 శాతం అలాగే నిలబడితే?

నిపుణురాలు: అప్పుడు సంతోషించొచ్చు, లోతైన వంశం దొరికింది. అయినా జాతి అనడానికి కేంద్రకపు జన్యువులు, శరీర లక్షణాలు కూడా చూడాలి. మైటోకాండ్రియా మొత్తం కలిసి ఒకే జన్యువులా, తల్లి నుంచి మాత్రమే వస్తుంది. అది ఒక్క సాక్షి. ఎంత నిజాయతీగా చెప్పినా తను చూసిందే చెబుతుంది.

యాంకర్: తర్వాతి కాల్. హలో.

శ్రోత 2: నమస్కారమండీ. అలాస్కా దీవుల్లో గోధుమరంగు ఎలుగులు ధ్రువపు ఎలుగులకు దగ్గర చుట్టాలని చదివాను. మళ్లీ కాదని కూడా చదివాను. ఏది నిజం?

నిపుణురాలు: రెండూ నిజమేనండీ, మీరు ఏ జన్యువును అడిగారన్న దాన్ని బట్టి. అడ్మిరాల్టీ, బారనాఫ్, చిచాగాఫ్ అనే ఆ మూడు దీవుల ఎలుగుల మైటోకాండ్రియా చూస్తే, అది ఇతర గోధుమరంగు ఎలుగుల కంటే ధ్రువపు ఎలుగులకే దగ్గర. చాలాకాలం దాన్ని బట్టి ధ్రువపు ఎలుగు ఇటీవలే గోధుమరంగు ఎలుగుల నుంచి పుట్టిందనుకున్నారు. మొత్తం జన్యుసముదాయం చదివాక తేలిందేమిటంటే, ఆ దీవుల ఎలుగులు చాలావరకు గోధుమరంగు ఎలుగులే, కొద్ది భాగం మాత్రం ధ్రువపు ఎలుగుల నుంచి వచ్చింది. ఆ కొద్ది భాగం కూడా ఎక్స్ క్రోమోజోము మీద ఎక్కువ, మిగతా క్రోమోజోముల మీద తక్కువ.

శ్రోత 2: ఎక్స్ మీద ఎందుకు ఎక్కువండీ?

నిపుణురాలు: అసలు కథ అక్కడే బయటపడింది. ఈ జాతిలో ఆడవి పుట్టిన చోటికి దగ్గర్లోనే ఉండిపోతాయి, మగవి దూరాలు పోతాయి. మంచుయుగం ముగిసి మంచు వెనక్కి తగ్గినప్పుడు ధ్రువపు ఎలుగులు కొన్ని ఆ దీవుల దగ్గర ఉండిపోయాయి. ప్రధాన భూభాగం నుంచి గోధుమరంగు మగ ఎలుగులు ఈదుకుంటూ వచ్చి వాటితో జతకట్టాయి. తరతరాలుగా మగవే వస్తుంటే కేంద్రకపు డీఎన్‌ఏ మారిపోతూ వచ్చింది. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా మాత్రం ధ్రువపుదే మిగిలింది. మగవాడికి ఒకటే ఎక్స్, అదీ కూతుళ్లకే ఇస్తాడు. అందుకని ఎక్స్ మారడం కొంచెం ఆలస్యం. మూడు రకాల వారసత్వం, మూడు వేగాలు. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తేనే మగవి వచ్చాయా, ఆడవి వచ్చాయా అన్నది కూడా తెలిసింది. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికన్నా నచ్చే ఉదాహరణల్లో ఇదొకటి.

యాంకర్: తర్వాత ఎవరు?

శ్రోత 3: మేడమ్, నేను పీహెచ్‌డీ మొదటి సంవత్సరం. నదికి రెండు ఒడ్డుల మీది కప్పల మధ్య మైటోకాండ్రియాలో సగటున 3 శాతం తేడా ఉంది. పది లక్షల ఏళ్లకు 2 శాతం అని లెక్కేసి 15 లక్షల ఏళ్ల కిందట విడిపోయాయని రాశాను. గైడ్ గారు ఒప్పుకోవడం లేదు.

నిపుణురాలు: మీ గైడ్ గారిది సరైన అభ్యంతరమే బాబూ. మూడు చోట్ల చూడాలి. ఒకటి, ఆ 2 శాతం అనేది రెండు వంశాల మధ్య పేరుకునే తేడా. ఒక్కో వంశానికి 1 శాతమే. చాలా సాఫ్ట్‌వేర్లు ఒక్కో వంశపు రేటు అడుగుతాయి. అక్కడ 0.02 కొడితే వయసు సగానికి పడిపోతుంది. నువ్వు చేత్తో లెక్కేశావు కాబట్టి ఈ తప్పు జరగలేదు, రేపు వంశాల వయసు లెక్కించే బీస్ట్ లాంటి ప్రోగ్రాంలోకి వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకో.

రెండోది నీ లెక్కలో ఉంది. నది అడ్డం పడేనాటికే ఆ కప్పల్లో రకరకాల ప్రతులు ఉన్నాయి. అంటే జన్యువులు విడిపోయిన కాలం, గుంపులు విడిపోయిన కాలం కంటే పాతది. ఒక్కో ఒడ్డున లోపలి తేడా ఎంత వచ్చింది?

శ్రోత 3: ఒకవైపు 0.8, ఇంకోవైపు 0.6 శాతం.

నిపుణురాలు: సగటు 0.7. మూడులోంచి తీసెయ్. 2.3 శాతం మిగిలింది, అదే రేటుతో 11.5 లక్షల ఏళ్లు. ఒక్క తీసివేతతో మూడున్నర లక్షల ఏళ్లు తగ్గింది చూడు. విడిపోకముందు ఉన్న వైవిధ్యం కూడా ఇప్పటిలాగే ఉండేదని ఇక్కడ ఊహించుకుంటున్నాం. ఆ మాట థీసిస్‌లో రాయాలి.

మూడోది రేటే. ఆ 2 శాతం మొదట క్షీరదాల మీద వచ్చిన అంకె, కప్పకు అలాగే తగిలించడం సాహసం. దగ్గరి బంధువుల శిలాజాల నుంచో, కాలం తెలిసిన భౌగోళిక ఘటన నుంచో రేటు కట్టుకోవాలి. అందులోనూ జాగ్రత్త. పనామా భూసంధి సుమారు 30 లక్షల ఏళ్ల కిందట మూసుకుందని, దానికి రెండు వైపుల ఉన్న జంట జాతులతో రేట్లు కట్టేవారు. చిటికె రొయ్యల్లో అలాంటి జంటలు చాలా ఉన్నాయి. పోల్చి చూస్తే అన్నీ ఒకేసారి విడిపోలేదు. లోతు నీళ్లలో బతికేవి ముందే విడిపోయాయి, మడ అడవుల తీరంలో బతికేవి చివర్లో విడిపోయాయి. ఏదో ఒక జంటను ఎంచుకుని గడియారం తిప్పితే తప్పు సమయమే చూపిస్తుంది. ఇంకోటి, నదికి సరిపోయే వయసు వచ్చేలా రేటు ఎంచుకుని, తర్వాత ఆ వయసు నదికి సరిపోయిందని రాయకూడదు. ఇది చాలామంది తెలియకుండానే చేస్తారు. ఒక్క అంకె కాకుండా అంతరం ఇవ్వు, ఏడు లక్షల నుంచి ఇరవై లక్షలు అని వచ్చినా సరే.

యాంకర్: అడవిలో పనిచేసే వారొకరు లైన్లో ఉన్నారు.

శ్రోత 4: నమస్తే మేడమ్. మేం ఏనుగుల పేడ నుంచి డీఎన్‌ఏ కోసం నమూనాలు తీస్తున్నాం. సగానికి పైగా పనిచేయడం లేదని ల్యాబ్ వాళ్లు అంటున్నారు.

నిపుణురాలు: అనుమతులు చేతిలో ఉన్నాయనుకుంటానండీ. పేడ లోపలి నుంచి తీస్తున్నారా, పైనుంచా?

శ్రోత 4: మధ్యలోంచి మేడమ్, శుభ్రంగా ఉంటుందని.

నిపుణురాలు: అదే కారణం కావొచ్చు. జంతువు కణాలు పేగు గోడ నుంచి రాలి పైపొరకు అంటుకుంటాయి, నిగనిగలాడే జిగురు పొర ఉంటుంది చూడండి, అక్కడ. లోపలంతా తిన్న ఆకుల డీఎన్‌ఏ, పీసీఆర్‌ను ఆపేసే మొక్కల రసాయనాలు. తాజా పేడ పైపొర గీకండి, ఎండ పడని వైపు. ఒక వంతు నమూనాకు కనీసం నాలుగు వంతులు 95 శాతం ఇథనాల్ పోయండి. ఫార్మలిన్ అసలు వద్దు, డీఎన్‌ఏను పాడుచేస్తుంది. ప్రతి కుప్పకూ గ్లవ్స్ మార్చండి. చీటీ మీద పెన్సిల్‌తో రాసి ట్యూబు లోపలే వెయ్యండి, పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. జీపీఎస్ అంకెలు తప్పకుండా రాయండి, చోటు తెలియని నమూనాతో భౌగోళిక చరిత్ర రాయలేం.

ల్యాబ్ వాళ్లకు ఒక మాట చెప్పండి. పేడలో డీఎన్‌ఏ కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఒక్కోసారి రెండు అల్లీళ్లలో, అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే జన్యు రూపాల్లో, ఒకటి పెరగక జారిపోతుంది. అప్పుడు ఒకే ఏనుగు రెండు వేర్వేరు ఏనుగుల్లా లెక్కకొస్తుంది. పీసీఆర్ మళ్లీ మళ్లీ చేయాలి. రెండు అల్లీళ్లున్నాయనాలంటే ఒక్కోటి కనీసం రెండుసార్లు కనిపించాలి. ఒకటే ఉందనాలంటే, డీఎన్‌ఏ మరీ తక్కువైతే ఏడుసార్ల వరకు చేయాల్సి రావచ్చు. ఈ కష్టం ఊరికే పోదండీ. ఆఫ్రికాలో శామ్యూల్ వాసర్ బృందం పేడ, కణజాల నమూనాలతో ఏ ప్రాంతంలో ఏ అల్లీళ్లు ఎంత ఉన్నాయో పటం గీసింది. తర్వాత పట్టుబడిన దంతాలు ఏ ప్రాంతపు ఏనుగులవో దానితో పోల్చి చెప్పగలిగారు. మీరు గీకే పైపొర అలాంటి పటంలో ఒక చుక్క.

యాంకర్: చిన్న ప్రశ్న అన్నారు, చెప్పండి.

శ్రోత 5: జన్యువులను బట్టి జంతువులను గుంపులు చేసే స్ట్రక్చర్ ప్రోగ్రాంలో మా జింకలు రెండు గుంపులుగా వచ్చాయి. ఎన్ని గుంపులో ఎంచే డెల్టా కే లెక్క కూడా రెండే చూపించింది. నమ్మొచ్చా?

నిపుణురాలు: నమూనాలు ఎక్కడెక్కడ తీశారు?

శ్రోత 5: ఉత్తరం చివర, దక్షిణం చివర. మధ్యలో వెళ్లలేకపోయాం.

నిపుణురాలు: అయితే నమ్మకండి. దూరం పెరిగే కొద్దీ జన్యు తేడా మెల్లగా పెరిగే జంతువుల్లో మధ్య భాగం వదిలేస్తే, ఏటవాలు కాస్తా రెండు మెట్లలా కనిపిస్తుంది. డెల్టా కే పద్ధతి ఒకే గుంపు అనే జవాబును లెక్కించలేదు కూడా, దాని కనీస జవాబే రెండు. దగ్గరి తోబుట్టువులను తీసేసి మళ్లీ నడపండి, ఒక మంద అంతా కలిసి గుంపులా కనిపించే ప్రమాదం ఉంది. మధ్యలో రెండు మూడు చోట్ల నుంచైనా నమూనాలు లేకుండా అక్కడ అడ్డుగోడ ఉందని రాయొద్దు.

యాంకర్: ఆఖరి కాల్. హలో.

శ్రోత 6: నమస్కారమండీ. నేను మ్యూజియంలో పనిచేస్తాను. వందేళ్ల నాటి పక్షి చర్మాల నుంచి డీఎన్‌ఏ కోసం ముక్క కోయనిమ్మని అడుగుతున్నారు. ఇవ్వాలా? అంత పాతవాటితో లాభముందా?

నిపుణురాలు: చాలా ఉందండీ. గాలపాగోస్‌లోని ఫెర్నాండినా దీవిలో 1906లో దొరికిన ఒక్క మగ తాబేలు మ్యూజియంలో ఉండిపోయింది, ఆ తర్వాత అక్కడ తాబేళ్లు అంతరించాయనుకున్నారు. 2019లో ఒక ఆడ తాబేలు దొరికింది. ఇది ఆ దీవిదేనా, పక్క దీవి నుంచి కొట్టుకొచ్చిందా అన్న సందేహం. రెండిటి జన్యుసముదాయాలు పోల్చి, రెండూ ఒకే వంశమని 2022లో తేల్చారు. ఆ పాత నమూనా లేకపోతే పోల్చడానికి ఏముండేది?

కాబట్టి ఇవ్వండి, కానీ షరతులతో. పక్షి చర్మమైతే కాలి వేలి కింది మెత్తని భాగం నుంచి 2, 3 మిల్లీమీటర్లు చాలు. కొలతలు తీసే చోట కోయనివ్వొద్దు. పాత చర్మాలకు ఆర్సెనిక్ పూసి ఉండొచ్చు, మీరూ వాళ్లూ గ్లవ్స్ వేసుకోండి. ప్రతి నమూనాకు కొత్త బ్లేడు వాడాలి. తాజా డీఎన్‌ఏ, పీసీఆర్ పని జరగని వేరే గదిలో డీఎన్‌ఏ తీస్తారా అని ముందే అడగండి. పాత డీఎన్‌ఏ చాలావరకు వంద బేసులైనా లేని ముక్కలుగా ఉంటుంది. ముక్కల చివర్లలో సైటోసిన్ చెడిపోయి థైమిన్‌లా చదువుకుంటుంది. ఆ నష్టం కనిపిస్తే అది నిజంగా పాతదేనన్న నమ్మకం కలుగుతుంది. కానీ దాన్ని సరిచేయకుండా లెక్కలోకి తీసుకుంటే లేని ఉత్పరివర్తనలు పుట్టుకొస్తాయి.

శ్రోత 6: లేబుల్ మీద ఊరి పేరు ఒక్కటే ఉందండీ, అదీ పాత పేరు.

నిపుణురాలు: ఆ చీటీని మార్చకండి. పాత పేరు అలాగే ఉంచి, మీకు తెలిసిన ఇప్పటి పేరు, అక్షాంశ రేఖాంశాలు వేరే చీటీ మీద రాసి కలపండి. ఎంతవరకు కచ్చితమో కిలోమీటర్లలో రాయండి. ఏ తేదీన ఎవరికి ముక్క ఇచ్చారో, సీక్వెన్స్ ఏ నంబరుతో డేటాబేస్‌లో పెట్టారో కూడా ఆ రెండో చీటీ మీదే ఉండాలి.

శ్రోత 6: అలాగేనండీ. రేపే రిజిస్టర్ తీస్తాను.