పికో అంటే టొమాటో ముక్కలు కాదండీ

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఇవాళ వీడియో నా కుట్టు గదిలో కాకుండా కారులో మొదలైంది చూడండి. టెక్సస్‌లో ఫ్రిస్కో నుంచి మెకిన్నీ వెళ్తున్నాం. 380 హైవే మీద ట్రాఫిక్ ఎప్పటిలాగే ఉంది. మావారు నడుపుతున్నారు కాబట్టి నేను కెమెరా పట్టుకున్నానని టెన్షన్ పడకండి. ఒళ్ళో ఉన్న ఈ ఫైలు కోసం మా ఇంట్లో రెండు నెలలు మీటింగులు నడిచాయి. విషయం ఒక్కటే. నా బిజినెస్ పేరు మార్చాలా, వద్దా?

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం ముందు నుంచీ చెప్తాను. 2016లో మొదలుపెట్టాను. పేరు మా అమ్మ పేరు, దాని పక్కన ‘ఫాల్స్ అండ్ పికో’. పికో అంటే చీర చివర్లు దారాలు ఊడకుండా మెషిన్ మీద అంచు కుట్టడం. అంతకన్నా ఆలోచించలేదు. తెనాలిలో మా ఇంటి వరండా గోడ మీద అమ్మ రాయించిన బోర్డు ఉండేది, ‘ఇచ్చట చీరలకు ఫాల్స్, పికో, జిగ్‌జాగ్ చేయబడును’ అని. దాని కింద కూర్చుని హోంవర్క్ చేసుకున్నదాన్ని, ఇక్కడ మెషిన్ కొనగానే అదే పేరు నోట్లోంచి వచ్చింది.

అమెరికాలో ఆ పేరు ఎలా వినిపిస్తుందో అప్పుడు తట్టలేదు. టెక్సస్‌లో పికో అంటే పికో డి గాయో, అంటే పచ్చి టొమాటో, ఉల్లిపాయ, కొత్తిమీర, మిరపకాయ సన్నగా తరిగి నిమ్మకాయ పిండిన పచ్చడి లాంటిది. టాకోల్లో వేసుకుంటారు. మొదటి ఏడాదే ఒకావిడ ఫోన్ చేసి శనివారం పార్టీకి రెండు క్వార్టులు, అంటే దాదాపు రెండు లీటర్లు, పికో కావాలి, మీరే తెచ్చిస్తారా అని అడిగింది. ఇంకొకాయన బ్యాక్‌యార్డ్‌లో స్విమ్మింగ్ పూల్ పక్కన వాటర్‌ఫాల్ కట్టడానికి ఎంత తీసుకుంటారు అన్నాడు. చీర అంచుకి లోపల కుట్టే గుడ్డనే ఫాల్ అంటారని ఆయనకి చెప్పేలోపు నాకు చెమట పట్టింది.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. వీటి కోసమైతే పేరు మార్చేదాన్ని కాదు. అసలు సంగతి వేరే.

మొదట్లో నిజంగానే ఫాల్స్, పికోలే ఎక్కువ. ఇండియా వెళ్ళొచ్చినవాళ్ళు సూట్‌కేసుల్లో చీరలు తెచ్చి కుప్ప పోసేవాళ్ళు. తర్వాత బ్లౌజుల ఆల్టరేషన్ మొదలైంది. 2020లో ఫంక్షన్లు లేవు, పెళ్ళిళ్ళు లేవు, మాస్కులు కుట్టాను. ఆ తర్వాత ఒకమ్మాయి సీమంతానికి పట్టుచీర కుచ్చిళ్ళు ముందే పెట్టి ఇమ్మంది. ఇస్త్రీ చేసి, కుచ్చిళ్ళు పిన్ను పెట్టి, పమిట మడతలు క్లిప్పులతో బిగించి, పెట్టెలో సర్ది ఇచ్చాను. అయిదు నిమిషాల్లో కట్టేసుకుందట. ఆ ఫంక్షన్‌కి వచ్చినవాళ్ళలో నలుగురు నంబర్ తీసుకున్నారు. అప్పట్నుంచీ ఇదే పని.

దీనిలో చాలామందికి తెలియని కష్టం ఒకటుంది. కుచ్చిళ్ళ వెడల్పు చీరని బట్టి పెడితే సరిపోదు, మనిషిని బట్టి పెట్టాలి. నడుం కొలత, పొడవు, వేసుకోబోయే చెప్పుల మడమ ఎత్తు, మూడూ అడుగుతాను. మడమ ఎత్తు అడగడం మర్చిపోయిన రోజున ఒక పెళ్ళికూతురి చీర నేలకి బెత్తెడు పైన ఆగింది. రిసెప్షన్ హాల్ బాత్రూమ్‌లో మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ పెట్టాను. పట్టు మీద ఇస్త్రీ ఎప్పుడూ తక్కువ వేడిలోనే, పైన పలచటి కాటన్ గుడ్డ వేసి. జరీ మీద నేరుగా పెడితే ఆ మెరుపు మళ్ళీ రాదు.

మొన్న జనవరి నుంచి జూన్ దాకా బిల్లు పుస్తకం ముందేసుకుని లెక్కపెట్టాను. 412 బిల్లుల్లో ఫాల్, పికో పని 38. అంతే! ఇప్పుడు ఇండియాలో షాపులవాళ్ళే కొన్నప్పుడే ఫాల్ కుట్టించి ఇస్తున్నారు. ఆన్‌లైన్‌లో అయితే ఒక టిక్కు పెడితే చాలు. ఇక్కడిదాకా కుట్టని చీర వచ్చేదెక్కడ?

అయినా పేరు జోలికి పోలేదు. మావారు మాత్రం మార్చమని ఏడాదిగా అంటూనే ఉన్నారు. మధ్యలో తనే ప్లేటు మార్చి, ‘విప్రో 1945లో వనస్పతి నూనె కంపెనీ, ఆ పాత పేరుని కుదించుకునే సాఫ్ట్‌వేర్ చేయట్లేదా’ అన్నారు. ఇక్కడి ఉదాహరణ నాకూ తెలుసు. సెవెన్ ఎలెవెన్ అనే చిన్న షాపుల కంపెనీ మన డల్లాస్‌లోనే 1927లో ఐసు అమ్ముతూ మొదలైంది. పొద్దున ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా తెరుస్తారని 1946లో ఆ పేరు పెట్టారు. ఇప్పుడు చాలా షాపులు రాత్రంతా తెరిచే ఉంటాయి, పేరు మాత్రం అదే.

కానీ ఆలోచిస్తే నా సంగతి అలాంటిది కాదనిపించింది. సెవెన్ ఎలెవెన్ అని చదివి అర్ధరాత్రి పన్నెండుకి ఎవరూ వెనక్కి తిరిగి పోరు. ఆ పేరుకి అర్థం అరిగిపోయింది కాబట్టి నష్టం లేదు. నా పేరు చదివి మాత్రం జనం వెనక్కి పోతున్నారు. మా వెనక వీధిలోనే ఉండే ఒకావిడ, కూతురి హాఫ్ శారీ ఫంక్షన్‌కి పదకొండు చీరల కుచ్చిళ్ళు పెట్టించడానికి ఇర్వింగ్ ఊరి దాకా వెళ్ళింది. గుళ్ళో కలిసినప్పుడు చెప్పింది, ‘మీరు ఫాల్స్ ఒక్కటే కుడతారనుకున్నానండీ’ అని. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. పదకొండు చీరలండీ!

సరే, మారుద్దాం. మరి ఏ పేరు? మావారు ‘డ్రేప్ స్టూడియో’ అన్నారు. మా అమ్మాయి వెంటనే, ‘నాన్నా, డ్రేప్స్ అంటే ఇక్కడ కిటికీ కర్టెన్లు, ఇప్పుడు కర్టెన్ల ఫోన్లు వస్తాయి’ అంది. ‘శారీ స్టూడియో’ అంటే ఆ పిల్లే, ‘సారీ చెప్పే స్టూడియో అనుకుంటారు’ అని నవ్వు. నాకేమో ‘కుచ్చిళ్ళు’ అని పెట్టాలని ఉంది. వినడానికి ఎంత బాగుంటుందో! కానీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూస్తే ఏదో జబ్బు పేరులా ఉంది. పైగా నా దగ్గరికి వచ్చేవాళ్ళలో తమిళవాళ్ళు, గుజరాతీవాళ్ళు కూడా ఉన్నారు.

అప్పుడు ఒక పని చేశాను. పాత కస్టమర్లు ఇరవై మందికి వాట్సాప్‌లో అడిగాను, ‘మీ ఫోన్‌లో నా నంబర్ ఏమని సేవ్ చేసుకున్నారు? ఉన్నది ఉన్నట్టు స్క్రీన్‌షాట్ పెట్టండి’ అని. వచ్చినవి వినండి. ‘పికో ఆంటీ’. ‘చీర మడతల అక్క’. ‘బ్లౌజ్ ఆంటీ ఫ్రిస్కో’. ‘టోల్‌వే పక్కన టైలర్’. ఒకరైతే ‘అర్జెంట్ చీర’. ఇరవై మందిలో ఒక్కరు కూడా నా బోర్డు మీది పూర్తి పేరు పెట్టుకోలేదు. మా అమ్మ పేరు మాత్రం ముగ్గురి ఫోన్లలో ఉంది. అది నా పేరే అనుకుంటున్నారు పాపం.

ఆ స్క్రీన్‌షాట్లు చూశాక సగం బెంగ పోయింది. తెలిసినవాళ్ళు ఎలాగూ నన్ను బోర్డు చూసి గుర్తుపట్టడం లేదు. బోర్డు కావలసింది తెలియనివాళ్ళకే.

ఇక కాగితాల సంగతి, త్వరగా చెప్పేస్తాను. నాది ఎల్ఎల్‌సీ, అంటే లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ కాదు, ఒక్కదాన్నే నడుపుకునే బిజినెస్. టెక్సస్‌లో ఇలాంటివాళ్ళు సొంత పేరుతో కాకుండా వేరే పేరుతో నడిపితే కౌంటీ క్లర్క్ దగ్గర అస్యూమ్డ్ నేమ్ సర్టిఫికెట్ ఫైల్ చేయాలి. అందరూ డీబీఏ, అంటే ‘డూయింగ్ బిజినెస్ యాజ్’ అంటారు. అది గరిష్ఠంగా పదేళ్ళే ఉంటుంది. 2016 నవంబర్‌లో చేసింది ఈ నవంబర్‌తో అయిపోతుంది. ఎలాగూ కాగితం మీద చెయ్యి పెట్టాల్సిందే కాబట్టి ఇప్పుడే తేల్చుకుందామనుకున్నాం. పేరు మారినంత మాత్రాన కొత్త ఈఐఎన్, అంటే పన్నులవాళ్ళు బిజినెస్‌కి ఇచ్చే నంబర్, అక్కర్లేదు. సేల్స్ టాక్స్ పర్మిట్ మీద, బ్యాంకులో మాత్రం మార్పించాలి. గూగుల్‌లో కొత్త ప్రొఫైల్ తెరవకుండా ఉన్నదాన్లోనే పేరు మారుస్తాను, లేకపోతే పదేళ్ళ రివ్యూలు గాలికి పోతాయి. ఇంకోటి, డీబీఏ చేస్తే ఆ పేరు ఇక మనదే అని గ్రూపుల్లో చాలామంది అనుకుంటున్నారు. కాదండీ. దానివల్ల పేరు మీద హక్కేమీ రాదు, ట్రేడ్‌మార్క్ వేరే సంగతి.

చివరికి ఏం పేరంటారా? అమ్మ పేరు ఒక్కటే, వెనక తోక లేకుండా. చేసే పనులు బోర్డు మీద కింద చిన్న అక్షరాల్లో. ఒకప్పుడు ఫాల్స్, తర్వాత మాస్కులు, ఇప్పుడు కుచ్చిళ్ళు. రేపు ఏం కుట్టమంటారో ఎవరికి తెలుసు? పని మారితే కింది లైను మీద స్టిక్కర్ వేస్తే సరి. మావారికి ఇది అంతగా నచ్చలేదు, ‘చదివినవాళ్ళకి ఏం చేస్తారో ఎలా తెలుస్తుంది’ అంటున్నారు. అదీ నిజమే. కానీ తెలియక ఫోన్ చేసి అడిగేవాళ్ళు నాకు నయం. తెలిసిందనుకుని ఇర్వింగ్ వెళ్ళేవాళ్ళతోనే బాధ.

ఇదిగో, బ్లూమ్‌డేల్ రోడ్ మీద కౌంటీ ఆఫీసుకి వచ్చేశాం. లోపల కెమెరా ఆపేస్తాను.

…పావుగంటలో అయిపోయింది! కౌంటర్‌లో ఆవిడ తన ఎదురుగానే సంతకం పెట్టించుకుంది. అమ్మ పేరు పలకడానికి మూడుసార్లు ప్రయత్నించి, మూడోసారి దాదాపు సరిగ్గానే అంది. పాత సర్టిఫికెట్ నవంబర్ దాకా ఎలాగూ ఉంటుంది కాబట్టి, అప్పటివరకు రెండు పేర్లూ నడుస్తాయి. ఎవరైనా పాత పేరు మీద చెక్కు రాసినా బ్యాంకులో గొడవ ఉండదు.

కారులోకి రాగానే అమ్మకి వీడియో కాల్ చేశాను. తెనాలిలో అర్ధరాత్రి దాటింది, అయినా మెలకువగానే ఉంది. స్టాంపు పడిన కాగితం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని తన పేరు చూసుకుంది. ఇంకాస్త దగ్గరికి పెట్టమంది.

‘ఫాల్స్ అని లేదేమే? ఇక కుట్టవా?’

‘కుడతానమ్మా, ఎవరైనా తెస్తే కుడతాను.’

‘ఫాల్ గుడ్డ ముందు రాత్రే నీళ్ళలో నానబెట్టు. నానబెట్టకుండా కుడితే మొదటి ఉతుకుకే ముడుచుకుపోతుంది, చీరంతా గుంజేస్తుంది.’

‘తెలుసమ్మా.’

‘నా పేరు పెట్టుకున్నావుగా, అందుకని చెప్తున్నా.’