పదకొండు ప్రశ్నార్థకాలు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకి, వానలో పాతపట్నం నుంచి వచ్చిన మిత్రులకి నమస్కారం. శాలువా తరవాత కప్పుదురుగాని, ఉక్కగా ఉంది.

గిడుగు వారి జయంతి కదా, ఆయన గురించి మాట్లాడమన్నారు. 1880లో ఈ పర్లాకిమిడిలో మేష్టరుగా చేరారు. సవర భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోయారు. మిగతాది నాకంటే తెలిసినవాళ్ళు ఇక్కడే ఉన్నారు, వాళ్ళు చెబుతారు. ఇక్కడే ఉండిపోయినవాళ్ళ పేర్ల సంగతి నేను చెబుతాను. ఆ పేర్లు ఇప్పుడు డేటాబేసుల్లో ఉన్నాయి.

ఒక సొసైటీ ఉంది. ఏదని అడక్కండి. సభ్యుల పేర్లు తెలుగులో ఒక కాలమ్, ఒడియాలో ఒక కాలమ్. అసలు సర్వర్ వేరే ఊళ్ళో ఉంటుంది. ఆ జాబితా రోజూ రాత్రి ఇక్కడి సర్వర్‌లోకి ఫైలుగా రావాలి. అంతే పని. కాంట్రాక్టు తీసుకున్నవాళ్ళు ‘సెలెక్ట్ ఇన్‌టు అవుట్‌ఫైల్’ అని, అంటే వరసల్ని ఫైల్లో రాయమనే ఆదేశం రాసి, ‘ఫైలు వచ్చేసింది, చూసుకోండి సార్’ అని ఫోన్ చేశారు. చూస్తే ఏమీ లేదు!

డిగ్రీ పిల్లలూ, ఇది రాసుకోండి. మై‌ఎస్‌క్యూఎల్‌ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆదేశం మీరు ఎక్కడ కూర్చుని ఇచ్చినా, ఫైలు రాసేది డేటాబేస్ సర్వరే, రాసేది తన డిస్క్ మీదే. అదీ ఫైల్ అనే హక్కు ఉంటేనే, సెక్యూర్ ఫైల్ ప్రివ్ అనే సెట్టింగ్ ఒప్పుకున్న ఫోల్డర్‌లోనే. అదే పేరుతో ఫైలు ముందే ఉంటే దాని మీద రాయదు, ఎర్రర్ ఇస్తుంది. అందుకే మొదటి రాత్రి ఫైలు అక్కడే ఉండిపోయింది, రెండో రాత్రి అసలు తయారే కాలేదు. పోస్ట్‌గ్రెస్‌ అనే ఇంకో డేటాబేస్‌లోనూ ఇదే తంతు: ‘కాపీ’ అంటే సర్వర్ రాస్తుంది, పీఎస్‌క్యూఎల్‌ అనే దాని ప్రోగ్రాంలో ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి ‘కాపీ’ అంటే మీ మెషీన్ రాస్తుంది.

మరేం చెయ్యాలి? ఫైలు ఎక్కడ కావాలో ఆ సర్వర్ మీదే క్లయింట్, అంటే డేటాబేస్‌తో మాట్లాడే ప్రోగ్రాం, నడపండి. హైఫన్ హెచ్ పెట్టి అసలు సర్వర్ పేరివ్వండి, హైఫన్ ఈతో క్వెరీ, అంటే ఏం కావాలో చెప్పే ఆదేశం, ఇవ్వండి, వచ్చినదాన్ని ఇక్కడి ఫైల్లోకి మళ్ళించండి. ట్యాబ్‌లతో వేరుచేసిన వరసలు వస్తాయి. ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టండి. సగం ఫైలు ఎవరూ చదవకుండా ఉంటారు. అలా కుదరకపోతే అక్కడినుంచి ఎస్‌ఎస్‌హెచ్ పైపులో, అంటే రెండు సర్వర్ల మధ్య భద్రమైన కనెక్షన్‌లో, పంపండి.

సరే, వాళ్ళూ చివరికి అలాగే చేశారు. అసలు బాధ అక్కడే మొదలైంది.

అప్పలనరసమ్మ. మన వీధుల్లో పిలిస్తే నలుగురు పలుకుతారు. ఈ పేరు అన్ని భాషల అక్షరాలకీ గుర్తులున్న యూనికోడ్‌లో పదకొండు గుర్తులు, పొల్లులతో కలిపి. ఆ ఫైల్లో ఈ పేరున్న చోట పదకొండు ప్రశ్నార్థకాలు. ఒడియా కాలమూ అంతే. పగలు చేత్తో నడిపితే పేర్లు శుభ్రంగా వచ్చేవి, రాత్రి క్రాన్ అనే టైమర్ ప్రోగ్రాం నడిపితే ప్రశ్నార్థకాలు. ఎందుకంటే లాగిన్‌లో మనం పెట్టుకున్న భాష సెట్టింగ్ క్రాన్‌కి అందలేదు, క్లయింట్ లాటిన్-1 అనే పశ్చిమ యూరప్ అక్షరాల పట్టిక అనుకుంది. ఆ పట్టికలో తెలుగూ లేదు, ఒడియా లేదు. దొరకని ప్రతి గుర్తుకీ సర్వర్ ఒక ప్రశ్నార్థకం పెట్టేసింది.

కౌంటర్ దగ్గర ఒక ముసలావిడని ‘నీ పేరు కంప్యూటర్లో లేదమ్మా, ఆధార్ జిరాక్స్ పట్రా’ అన్నారు. ఆవిడ పాసుబుక్కు చూపించింది. వినలేదు. నేను వెళ్ళి అడిగితే ఏమన్నారో తెలుసా? ‘పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చేద్దాం సార్, టెన్షన్ ఉండదు.’

ఎవరికి ఉండదయ్యా టెన్షన్? ఆదేశంలో డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4, అంటే యూనికోడ్‌లోనే ఇమ్మని, ఒక్క మాట చేరిస్తే పోయేదానికి, ఊరందరి పేర్లూ మారుస్తారా? చెప్పండి! ఆ మాట వాళ్ళ చేత చేర్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

టైమైందని చీటీ వచ్చింది. ఒక్క నిమిషం, అధ్యక్షా.

ఎక్సెల్‌లో సీఎస్‌వీ తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపించినంత మాత్రాన కంగారు పడొద్దు. చాలాసార్లు ఫైలు బాగానే ఉంటుంది, ఎక్సెల్ తప్పుగా చదివి ఉంటుంది. డేటా మెనూలోంచి తెచ్చుకుని యూటీఎఫ్-8 ఎంచుకోండి. వరసగా ప్రశ్నార్థకాలుంటే మాత్రం ఆ ఫైల్లో పేరు పోయినట్టే. దాన్ని బాగుచెయ్యాలని చూడకండి, అసలు సర్వర్ నుంచి మళ్ళీ తీయించండి. ఆ ఫైలుని తిరిగి డేటాబేస్‌లోకి ఎక్కించనివ్వకండి, అసలు పేర్లు కూడా పోతాయి.

సొసైటీల్లో, ఆసుపత్రుల్లో, బళ్ళలో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో తెచ్చినవాళ్ళు భోజనాలయ్యాక గ్రంథాలయం గదికి రండి, కలిసి తెరిచి చూద్దాం.