హిందూపురం దాకా సబర్బన్ రైలు ఎందుకు రాకూడదు?

అందరికీ నమస్కారం అండి. ఈ వీడియో మన ఉమ్మడి అనంతపురం జిల్లా వాళ్ల కోసం, ముఖ్యంగా హిందూపురం, పెనుకొండ నుంచి బెంగళూరుకి పనికి, చదువుకి రైల్లో పోయి వచ్చేవాళ్ల కోసం. బెంగళూరు సబర్బన్ రైలు, అంటే సిటీకి చుట్టుపక్కల ఊళ్లకి మధ్య తిరిగే లోకల్ రైలు, అది కర్ణాటక వాళ్ల ప్రాజెక్టు, మనకేం సంబంధం అనుకుంటారు చాలామంది. చాలా సంబంధం ఉంది, ఎందుకో చూద్దాం.

[స్క్రీన్ మీద మ్యాప్: నాలుగు కారిడార్లు]

బెంగళూరుకి సబర్బన్ రైలు కావాలనే మాట 1983 నుంచే ఉంది, కానీ కేంద్ర క్యాబినెట్ ఓకే చేసింది 2020 అక్టోబర్‌లో. మొత్తం 148 కిలోమీటర్లు, 15,767 కోట్లు, నాలుగు కారిడార్లు, వాటికి పూల పేర్లు పెట్టినారు, సంపిగె, మల్లిగె, పారిజాత, కనక అని. మనం చూడాల్సింది కనక. బెంగళూరుకి హోసూరు వైపు ఉండే హీలలిగె నుంచి యలహంక మీదుగా రాజనకుంటె దాకా 46 కిలోమీటర్లు. రాజనకుంటె అంటే తెలుసు కదా, మన రైలు దొడ్డబళ్లాపురం దాటినాక, యలహంక రాకముందు వచ్చే స్టేషన్. అంటే ఆ కారిడార్ చివరి స్టేషన్ ఉండేది మన లైన్ మీదే.

2022 జూన్ 20న ప్రధాని శంకుస్థాపన చేసి నలభై నెలల్లో పూర్తి చేస్తామన్నారు, ఆ గడువు 2025 అక్టోబర్‌కే అయిపోయింది, అప్పటికి ఒక్క కారిడార్లో కూడా రైలు తిరగలేదు. అదే రోజు అదే పర్యటనలో ఇంకోటి కూడా జరిగింది, దాన్ని మనోళ్లు పెద్దగా పట్టించుకోలేదు. యలహంక నుంచి పెనుకొండ దాకా 120 కిలోమీటర్ల డబుల్ లైన్‌ని జాతికి అంకితం చేసినారు, దాదాపు 1,100 కోట్ల పని. 1890లలో మీటర్ గేజ్‌గా, అంటే పట్టాల మధ్య మీటరు వెడల్పుతో మొదలైన లైన్ ఇది, తర్వాత ఇంకా వెడల్పైన బ్రాడ్ గేజ్ అయింది, ఇప్పుడు కరెంటు, రెండు ట్రాకులు అన్నీ వచ్చేసినాయి.

మరి రెండు ట్రాకులు ఉంటే ఇంకేం కావాల అంటారా? ఇక్కడ కొంచెం నిదానంగా వినండి, అసలు విషయం ఇదే.

[స్క్రీన్ మీద: రెండు స్టేషన్ల మధ్య రైళ్ల బొమ్మ]

సింగిల్ లైన్ ఉన్నప్పుడు ఎదురుగా వచ్చే బండి కోసం ఆగాల, మనం క్రాసింగ్ పడింది అంటామే, అది. డబుల్ లైన్ వచ్చినాక ఆ బాధ పోయింది. కానీ వెనక నుంచి కర్ణాటక ఎక్స్‌ప్రెస్సో ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్సో వస్తా ఉంటే మెమూని, అంటే అన్ని స్టేషన్లలో ఆగే మన కరెంటు ప్యాసింజర్ బండిని, ఏదో ఒక చిన్న స్టేషన్లో పక్కనుండే లూప్ లైన్లోకి తీసి నిలబెడతారు, ఎక్స్‌ప్రెస్ దాటిపోయేదాకా అది కదలదు. పైగా పాత పద్ధతి సిగ్నలింగ్‌లో ఒక స్టేషన్ నుంచి ముందు స్టేషన్ దాకా ఒకే దిక్కున ఒక్క బండే ఉండాల, అది చేరితేనే వెనక బండికి లైన్ క్లియర్. ఆటోమేటిక్ సిగ్నలింగ్ పెడితే సుమారు కిలోమీటరుకో సిగ్నల్ వస్తుంది, బండ్లు ఒకదాని వెనక ఒకటి పోవచ్చు. సబర్బన్ అనిపించేది కొత్త బోగీలు కాదు, ఎక్కువ బండ్లు, టైముకి బండ్లు.

తెల్లారకముందే హిందూపురం ప్లాట్‌ఫామ్ చూసినోళ్లకి ఈ మాట ఊరికే అర్థమవుతుంది. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్, భుజానికి బ్యాగు, పక్కన పూల మూటలు, బండి పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేసేవాళ్లు. కర్ణాటకలోకి పోయినాక గౌరిబిదనూరులో కూర్చునేదానికి ఉండదు, దొడ్డబళ్లాపురంలో నిలబడేదానికీ ఉండదు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి హిందూపురం, పెనుకొండ వాళ్లకి వస్తుంది, ధర్మవరం వాళ్లకి దూరం దాటిపోతుంది. పాస్ చవకే, బండే చాలదు.

ఇప్పుడు పొడిగింపు సంగతి. సబర్బన్ ప్రాజెక్టు చూసే కే-రైడ్ సంస్థ రెండో దశ కింద కొన్ని మార్గాలు ప్రతిపాదించింది, అందులో రాజనకుంటె నుంచి గౌరిబిదనూరు 52 కిలోమీటర్లు ఉంది. గౌరిబిదనూరు నుంచి హిందూపురం ఎంత? ఇరవై కిలోమీటర్ల చిల్లర! మధ్యలో విదురాశ్వత్థం, దేవరపల్లి, అంతే. రాష్ట్రం సరిహద్దు వచ్చింది కదా అక్కడికి ఆపాల అంటారేమో, కానీ అదే ప్రతిపాదనలో హీలలిగె నుంచి హోసూరు కూడా ఉంది, హోసూరు తమిళనాడు కదా. హోసూరుకి అడ్డం రాని సరిహద్దు హిందూపురానికి ఎందుకు అడ్డం రావాల?

టెక్నికల్‌గా కూడా ఇబ్బంది తక్కువ. బెంగళూరు మెట్రో స్టాండర్డ్ గేజ్, అది మన పట్టాల మీద నడవదు. సబర్బన్ బ్రాడ్ గేజ్, మన లైనూ బ్రాడ్ గేజే. హిందూపురం స్టేషన్ ఆంధ్రాలో ఉన్నా రైల్వే లెక్కలో నైరుతి రైల్వే, బెంగళూరు డివిజన్ కిందే ఉంది, కాబట్టి జోన్ మారే తలనొప్పి కూడా లేదు.

చిక్కు డబ్బు దగ్గరే. కే-రైడ్‌లో వాటాలు కర్ణాటక ప్రభుత్వానివి, రైల్వేవి. ఇప్పుడు కడుతున్న నాలుగు కారిడార్లకి కేంద్రం 20 శాతం, కర్ణాటక 20 శాతం పెడుతుంటే మిగతా 60 శాతం అప్పు. మన ఊరికి రావాలంటే మన రాష్ట్రం కూడా వాటా ఇస్తామని ముందుకు రావాల. హైదరాబాద్ లోకల్ రైళ్లు ఎంఎంటీఎస్ రెండో దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే అని ఒప్పందం రాసుకున్నారు, అట్లాంటి ఒప్పందం ఇక్కడ కూడా రాసుకోవచ్చు. గౌరిబిదనూరు డీపీఆర్, అంటే ప్రాజెక్టు పూర్తి వివరాల నివేదిక, రాసేటప్పుడే ఈ ఇరవై కిలోమీటర్లు కలిపి రాయించాల, తర్వాత విడిగా అడిగితే అది ఇంకో ప్రాజెక్టు అయిపోతుంది, ఇంకో ఇరవై ఏళ్లు.

అంతవరకూ మన ఎంపీని, ఎమ్మెల్యేని అడగాల్సినవి రెండు: యలహంక–పెనుకొండ మొత్తం ఆటోమేటిక్ సిగ్నలింగ్, పొద్దున ఆఫీసు టైముకి బెంగళూరు చేరేట్టు ఇంకో మెమూ. వీటికి కొత్తగా భూమి సేకరించే పని లేదు.